ఫైల్ డిస్కులోనే ఉంది, కెర్నల్ మాత్రం లేదంటోంది (ఫర్మ్‌వేర్ ఎర్రర్ -2)

సగం_కంపైల్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. రెండు రాత్రుళ్ళ నుంచి దీంతో కుస్తీ పడుతున్నా, ఇక నా వల్ల కావట్లేదు. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉంది, వైఫై కార్డు ఇంటెల్ ఏఎక్స్200. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సొంతంగా కంపైల్ చేయడం నేర్చుకుందామని 6.6 సోర్స్ దింపి, డెఫ్‌కాన్ఫిగ్‌తో (సోర్స్‌తో వచ్చే డీఫాల్ట్ సెట్టింగులు) మొదలెట్టి, నా మెషీన్‌కి కావల్సిన డ్రైవర్లన్నీ ఒక్కొక్కటీ వెతికి పెట్టుకున్నా. మాడ్యూల్స్ (డిస్కు నుంచి తర్వాత లోడ్ అయ్యే డ్రైవర్ ఫైళ్ళు) గోల ఎందుకులే అని అన్నిటికీ 'వై' కొట్టేశా, అంటే అన్నీ కెర్నల్ ఇమేజ్ లోపలే. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలో విప్పుకునే చిన్న ఫైల్‌సిస్టమ్) కూడా తీసేశా. బూట్ మాత్రం చూడముచ్చటగా ఉంది, కళ్ళు మూసి తెరిచేలోపు లాగిన్ వచ్చేస్తోంది, కానీ వైఫై లేదు, కార్డులోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) ఫైల్ దొరకట్లేదట.

డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) ఇదీ వస్తోంది (చూసి ఎక్కిస్తున్నా, అక్షరం అటూ ఇటూ అయితే ఏమనుకోకండి):

[1.31] ఐడబ్ల్యుఎల్‌వైఫై 0000:03:00.0: డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫర్ ఐడబ్ల్యుఎల్‌వైఫై-సీసీ-ఏ0-77.యూకోడ్ ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2

ఆ తర్వాత 76, 75 అంటూ కిందికి దిగుతూ పోయి చివర్లో 'నో సూటబుల్ ఫర్మ్‌వేర్ ఫౌండ్' అని చేతులెత్తేస్తోంది.

-2 అంటే ఫైల్ లేదని అర్థం, అది తెలుసు. కానీ ఫైల్ ఉంది! /లిబ్/ఫర్మ్‌వేర్ లో ఎల్ఎస్ కొడితే ఐడబ్ల్యుఎల్‌వైఫై-సీసీ-ఏ0-77.యూకోడ్.జెడ్‌ఎస్‌టి అని కళ్ళ ముందు కనిపిస్తోంది. లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ తీసేసి మళ్ళీ వేశా, అదే కథ. ఇదే మెషీన్‌లో ఉబుంటు వాళ్ళ కెర్నల్‌తో బూట్ చేస్తే వైఫై హాయిగా పనిచేస్తోంది కాబట్టి కార్డు పోలేదు. ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకుందామంటే ఆ డ్రైవర్ పెట్టుకోవడం మర్చిపోయా, ప్రతిసారీ పాత కెర్నల్‌లోకి వెళ్ళి ఇక్కడ టైప్ చేస్తున్నా. ఎవరైనా దారి చూపించండి.

---

రీబూట్_రమణ:

బ్రో సింపుల్, పర్మిషన్స్ ఇష్యూ అది. ఆ ఫోల్డర్ మొత్తానికి సీహెచ్‌మోడ్ 777 కొట్టి రీబూట్ చెయ్యి. నాకోసారి ప్రింటర్‌కి ఇలాగే అయితే దాంతోనే పోయింది.

---

అర్ధరాత్రి_డీబగ్:

రమణ గారూ, 777 జోలికి వద్దండి. ఈ ఫైల్ తెరిచేది యూజర్ ప్రోగ్రామ్ కాదు, కెర్నలే తన సొంత అధికారంతో తెరుస్తుంది, దానికి మోడ్ బిట్లతో పనిలేదు. పైగా పర్మిషన్ గొడవైతే నంబర్ -13 వస్తుంది, -2 రాదు.

సగం_కంపైల్ తమ్ముడూ, నువ్వు 'ఫైల్ ఉంది' అంటున్నావు, నువ్వు చూసినప్పుడు ఉంది, నిజమే. కెర్నల్ చూసినప్పుడు ఉందా అన్నదే అసలు ప్రశ్న. నీ ఎర్రర్ ఎదురుగా 1.31 సెకన్లు అని ఉంది కదా, ఇప్పుడు అదే డీమెసేజ్‌లో 'వీఎఫ్ఎస్: మౌంటెడ్ రూట్' అనే లైన్ ఎన్నో సెకనులో వచ్చిందో చూడు. కచ్చితంగా 1.31 తర్వాతే ఉంటుంది, రాసిపెట్టుకో.

ఎందుకంటే కెర్నల్ లోపలే కలిపేసిన డ్రైవర్ల ఇనిట్ ఫంక్షన్లన్నీ ముందు నడుస్తాయి, అవన్నీ అయ్యాకే రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ అవుతుంది. వైఫై డ్రైవర్ నిద్ర లేచి కార్డుని చూసి 'నాకు ఫలానా ఫైల్ కావాలి' అని రిక్వెస్ట్_ఫర్మ్‌వేర్ పిలిచే సమయానికి నీ ఎస్ఎస్‌డీ ఇంకా ఎక్కడా అతికించలేదు. /లిబ్ అనేదే లేదు. లేని డైరెక్టరీలో వెతికితే -2 కాక ఇంకేం వస్తుంది? ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఉండుంటే అది డ్రైవర్ల కంటే ముందే మెమరీలో విప్పబడుతుంది కాబట్టి అందులో ఫర్మ్‌వేర్ పెట్టుకుని గట్టెక్కేవాడివి, దాన్నీ పీకేశావు.

నమ్మకం లేకపోతే కంపైల్ చేయకుండానే పరీక్షించే చిట్కా ఒకటుంది. ఫర్మ్‌వేర్ దొరక్కపోతే ఈ డ్రైవర్ తనంతట తనే ఆ కార్డుని వదిలేస్తుంది, కాబట్టి పూర్తిగా బూట్ అయ్యాక రూట్ యూజర్‌గా 0000:03:00.0 అనే అడ్రస్‌ని /సిస్/బస్/పీసీఐ/డ్రైవర్స్/ఐడబ్ల్యుఎల్‌వైఫై/బైండ్ అనే ఫైల్లోకి ఎకో చెయ్యి. డ్రైవర్ మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టి ఫైల్ అడుగుతుంది, ఈసారి డిస్క్ ఉంటుంది. (కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నా గానీ టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే కొట్టు నాయనా, పోయినసారి ఒకాయన అలాగే పేస్ట్ చేసి పనిచేయట్లేదని నా మీద పడ్డాడు.)

ఇంకో మాట. 77 దొరకలేదు 76 దొరకలేదు అనే లైన్లు చూసి చాలామంది కంగారుపడతారు. ఆ డ్రైవర్ తనకి తెలిసిన పెద్ద నంబర్ నుంచి కిందికి ఒక్కొక్కటీ అడుక్కుంటూ వస్తుంది, మధ్యలో ఎక్కడ దొరికినా సరే, పైన వచ్చిన ఎర్రర్లు పట్టించుకోనక్కర్లేదు. చివరి లైన్ ఒక్కటే ముఖ్యం.

---

సగం_కంపైల్:

అన్నా మౌంటెడ్ రూట్ లైన్ 1.94 దగ్గర ఉంది, మీరన్నట్టే తర్వాతే వచ్చింది! కెర్నల్ ఇంత గుడ్డిగా అడుగుతుందని అనుకోలేదు.

కానీ ట్విస్ట్ ఏంటంటే బైండ్ కూడా చేసి చూశా, డ్రైవర్ మళ్ళీ మొదలైంది, 340వ సెకన్లో మళ్ళీ అదే -2, అదే 77, 76, 75 వరస. ఇప్పుడు డిస్క్ ఉంది కదా, లాగిన్ అయ్యి దాని మీద కూర్చునే కదా కమాండ్ కొట్టా. మరి ఇప్పుడెందుకు లేదంటోంది?

---

బోర్డు_పోరి:

తమ్మీ జర నీ పోస్టు నువ్వే మళ్ళొక్కసారి సదువు. కెర్నల్ అడిగిన పేరేంది, నీ డిస్కుల ఉన్న పేరేంది? అది అడిగేది .యూకోడ్, నీ దగ్గరున్నది .యూకోడ్.జెడ్‌ఎస్‌టి. సంకల పిల్లగాన్ని పెట్టుకొని ఊరంతా దేవులాడినట్టున్నది నీ కథ.

ఇప్పుడు శానా డిస్ట్రోలు ఫర్మ్‌వేర్ ఫైళ్ళని కుదించి ఇస్తున్నయ్, ఆ ఫోల్డర్ మస్తు పెద్దగైపోయింది గద. కెర్నల్‌కి కూడా విప్పుకునుడు తెలుసు, ఎక్స్‌జెడ్ అయితే 5.3 నుంచి, జెడ్‌స్టాండర్డ్ అయితే 5.19 నుంచి. ముందు ఉత్త పేరుతోని ఎతుకుతది, దొరక్కపోతే వెనక .జెడ్‌ఎస్‌టి తగిలిచ్చి చూస్తది, గదీ లేకపోతే .ఎక్స్‌జెడ్. కానీ గీ తెలివి కాన్ఫిగ్‌ల ఆన్ చేస్తేనే వస్తది. ఉబుంటోళ్ళు వాళ్ళ కెర్నల్‌ల ఆన్ చేసుకున్నరు, అందుకే అండ్ల పనిచేస్తున్నది. నువ్వేమో డెఫ్‌కాన్ఫిగ్‌తోని షురూ చేసినవ్, అండ్ల ఇది ఉండదు. నీ సోర్స్ ఫోల్డర్‌ల .కాన్ఫిగ్ ఫైల్ తెరిచి ఎఫ్‌డబ్ల్యు_లోడర్_కంప్రెస్ అని ఎతుకు, 'ఈజ్ నాట్ సెట్' అని ఉంటది సూడు.

అంటే నీకున్నయి రెండు రోగాలు, రెండిటికీ లక్షణం ఒక్కటే, -2. బూట్ టైంల డిస్కే లేదు, డిస్క్ వచ్చినంక పేరు కలుస్తలేదు. ఒకటి సరిజేసినా రెండోది అట్లనే కూసుంటది గాబట్టి అర్ధరాత్రి అన్న చెప్పింది తప్పనిపిస్తది, కానీ తప్పు కాదు.

ఇప్పటికిప్పుడు కంపైల్ చేయకుండ చూడాల్నంటే, ఆ ఫైల్‌ని జెడ్‌స్టాండర్డ్ కమాండ్‌తోని విప్పి /లిబ్/ఫర్మ్‌వేర్/అప్‌డేట్స్ అనే ఫోల్డర్ చేసి అండ్ల పెట్టు. కెర్నల్ ఎతికే వరస ఇట్లుంటది: ఫస్టు ఫర్మ్‌వేర్_క్లాస్ పాత్ అని నువ్వేమన్నా ఇచ్చినవా అని చూస్తది, తర్వాత అప్‌డేట్స్ లోపల నీ కెర్నల్ వెర్షన్ పేరుతోనున్న ఫోల్డర్, తర్వాత ఉత్త అప్‌డేట్స్, తర్వాత /లిబ్/ఫర్మ్‌వేర్ లోపల వెర్షన్ ఫోల్డర్, ఆఖరికి /లిబ్/ఫర్మ్‌వేర్. గందుకే నీ సొంత ఫైళ్ళు అప్‌డేట్స్‌ల పెట్టుకుంటే ప్యాకేజీ వాటి జోలికి రాదు. పెట్టి మళ్ళ బైండ్ చెయ్.

---

సగం_కంపైల్:

అక్కా దండం! వచ్చేసింది!! విప్పి అప్‌డేట్స్‌లో పెట్టి బైండ్ కొట్టగానే వైఫై లిస్ట్ టకటకా వచ్చేసింది, ఈ రిప్లై నా సొంత కెర్నల్‌లో నుంచే కొడుతున్నా. జెడ్‌ఎస్‌టి అనే మూడక్షరాలు రెండ్రోజులు కళ్ళ ముందు పెట్టుకుని చూడలేదు నేను.

ఇప్పుడు బూట్‌లోనే పనిచేయాలంటే ఏది మంచిది? డ్రైవర్‌ని మాడ్యూల్ చేయడమా, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్ళీ పెట్టడమా, లేక కెర్నల్లోనే ఫర్మ్‌వేర్ కలిపేసే ఆప్షన్ ఏదో ఉందటగా అదా?

---

అర్ధరాత్రి_డీబగ్:

బోర్డు_పోరి గారు పట్టేశారు, నేను ఆ ఎక్స్‌టెన్షన్ చూసి కూడా దాటేశా, ఒప్పుకుంటున్నా.

నన్నడిగితే మాడ్యూల్ చేసి కంప్రెస్ ఆప్షన్, దాని కిందున్న జెడ్‌స్టాండర్డ్ రకం ఆన్ చేసుకో, అంతే. వైఫై లేకుండా రూట్ మౌంట్ అవ్వదా ఏంటి? డిస్క్ డ్రైవర్, ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ 'వై' చేసుకో, వాటికి ఫర్మ్‌వేర్ అక్కర్లేదు, మిగతావి 'ఎం'. మాడ్యూల్ అయితే రూట్ మౌంట్ అయ్యాక యూడెవ్ (డివైస్‌లు చూసి డ్రైవర్లు లోడ్ చేసే ప్రోగ్రామ్) లోడ్ చేస్తుంది, అప్పటికి ఫైళ్ళన్నీ ఉంటాయి.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ పద్ధతి పెద్ద గ్రాఫిక్ కార్డులున్నవాళ్ళకి పనికొస్తుంది. ఏఎండీ జీపీయూ డ్రైవర్ పొద్దున్నే లేస్తుంది, ఫర్మ్‌వేర్ లేకపోతే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేసే టూల్స్ ప్రతి మాడ్యూల్‌లో మాడ్యూల్_ఫర్మ్‌వేర్ అని డ్రైవర్ రాసినవాళ్ళు రాసిపెట్టిన పేర్లు చూసి ఆ ఫైళ్ళు లోపల సర్దుతాయి, మోడ్‌ఇన్‌ఫో మైనస్ ఎఫ్ ఫర్మ్‌వేర్ అని కొడితే ఆ లిస్ట్ నీక్కూడా కనిపిస్తుంది. డ్రైవర్‌ని కెర్నల్లో కలిపేసినప్పుడు మాత్రం నమ్మేయకుండా ఎల్ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తో లోపల నిజంగా ఉందో లేదో చూసుకోవడం మంచిది.

మూడోది కాన్ఫిగ్_ఎక్స్‌ట్రా_ఫర్మ్‌వేర్. మెనూకాన్ఫిగ్‌లో డివైస్ డ్రైవర్స్, అందులో జెనెరిక్ డ్రైవర్ ఆప్షన్స్, అందులో ఫర్మ్‌వేర్ లోడర్ కింద ఉంటుంది. ఫైల్ పేర్లు స్పేస్ ఇచ్చి రాస్తే కంపైల్ టైంలోనే ఆ బైట్లన్నీ కెర్నల్ ఇమేజ్‌లో కూర్చుంటాయి, డిస్కు ఉన్నా లేకపోయినా దొరుకుతాయి. కాకపోతే ఫర్మ్‌వేర్ మారినప్పుడల్లా కెర్నల్ మళ్ళీ వండుకోవాలి. డ్రైవర్ కెర్నల్ లోపలే ఉండాలి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మాత్రం వద్దని భీష్మించుకుంటే ఇదొక్కటే దారి.

---

పాత_మోడెమ్:

పిల్లలూ, ఆ ఎర్రర్ మెసేజ్‌లో 'డైరెక్ట్' అని ఎందుకు ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? డైరెక్ట్ అన్నారంటే ఇన్‌డైరెక్ట్ కూడా ఒకటి ఉండేదని.

మొదట్లో ఫర్మ్‌వేర్ అంటే డ్రైవర్ సోర్స్‌లోనే పేజీలకి పేజీలు హెక్సా అంకెల బారులు ఉండేవి. అది సోర్స్ కోడా, బైనరీనా, జీపీఎల్ (కెర్నల్ లైసెన్సు) కింద ఎలా పంచుతారు అని తగువులు. 2.6 నాటికి రిక్వెస్ట్_ఫర్మ్‌వేర్ వచ్చింది, కానీ అప్పట్లో కెర్నల్ ఫైల్ తెరిచేది కాదు. 'నాకు ఫలానా పేరుతో ఫైల్ కావాలి' అని యూజర్‌స్పేస్‌కి (కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాములకి) కబురు పంపేది, హాట్‌ప్లగ్ స్క్రిప్టు, తర్వాతి కాలంలో యూడెవ్, ఆ కబురు విని /సిస్/క్లాస్/ఫర్మ్‌వేర్ కింద పుట్టిన ఫోల్డర్లో లోడింగ్ అనే దాంట్లో 1 రాసి, డేటా అనే దాంట్లో ఫైల్ మొత్తం పోసి, మళ్ళీ లోడింగ్‌లో 0 రాసేది. వద్దనుకుంటే -1. నేను ఇది షెల్‌లో చేత్తో కూడా చేశాను, క్యాట్ కమాండ్‌తో వైఫై కార్డుకి ప్రాణం పోయడం అంటే ఆ రోజుల్లో మాకదో మురిపెం.

2008లో 2.6.27 దగ్గర ఆ హెక్సా బారులన్నీ పోగేసి సోర్స్‌లోనే ఫర్మ్‌వేర్ అనే వేరే డైరెక్టరీలోకి తరలించడం మొదలెట్టారు, 2017లో 4.14తో ఆ డైరెక్టరీ కూడా ఎత్తేశారు, ఇప్పుడంతా లినక్స్-ఫర్మ్‌వేర్ అనే వేరే రిపాజిటరీలోనే.

అసలు రచ్చ 2012లో. యూడెవ్ తీరు మారింది, మాడ్యూల్ లోడ్ చేయడం పూర్తయ్యేదాకా ఆ డివైస్ తాలూకు తర్వాతి కబురు పట్టించుకోదు. మాడ్యూలేమో ఇనిట్‌లోనే ఫర్మ్‌వేర్ అడిగి అది వచ్చేదాకా కదలదు. నువ్వు ముందంటే నువ్వు ముందని ఇద్దరూ గుమ్మంలో నిలబడినట్టు, టైమౌట్ అయ్యేదాకా అంతే. యూడెవ్ వాళ్ళు డ్రైవర్లదే తప్పన్నారు, లినక్స్ సృష్టికర్త లైనస్‌కి ఒళ్ళు మండి మెయిలింగ్ లిస్టులో కడిగేసి, యూజర్‌స్పేస్‌ని అడిగే పనే లేకుండా కెర్నలే నేరుగా ఫైల్‌సిస్టమ్ నుంచి చదివేలా ప్యాచ్ తనే రాశాడు. అది 3.7లో వచ్చింది, 2012 డిసెంబర్. అదీ 'డైరెక్ట్'. 2014లో సిస్టమ్‌డీ (యూడెవ్ కూడా అందులో భాగమే) 217 దగ్గర యూడెవ్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ లోడింగ్ కోడ్ పూర్తిగా పీకేశారు.

నా మటుకు నాకు లైనస్ చేసిందే కరెక్ట్. ఒక ఫైల్ చదవడానికి ఇంత రాయబారం ఎందుకు?

---

బోర్డు_పోరి:

పెద్దాయనా మీరన్న ఆ పాత తొవ్వ ఇంకా సావలేదు. కాన్ఫిగ్‌ల యూజర్_హెల్పర్ అని ఉన్నది, ఆండ్రాయిడ్‌ల యూఈవెంట్‌డీ ఇప్పటికీ గట్లనే కబురు విని ఫర్మ్‌వేర్ పోస్తది, ఫర్మ్‌వేర్ వేరే పార్టిషన్ల ఉంటది గద, అది మౌంట్ అయ్యేదాక ఆగాలె.

దీని మీద నా సొంత ఏడుపు ఒకటి చెప్త. మా ఆఫీసుల ఒక బోర్డు, వెండర్ ఇచ్చిన పాత కాన్ఫిగ్‌తోనే కెర్నల్ కడుతుంటిమి. బూట్‌ల సక్కగ పోయి పోయి ఒక్కకాడ ఆగుతది. సరిగ్గా నిమిషం. ఆగి మళ్ళ ఏం గానట్టు పోతది. వారం దినాలు క్లాక్ అని, పవర్ అని, డీడీఆర్ అని తవ్వినం. ఆఖరికి చూస్తే యూజర్_హెల్పర్_ఫాల్‌బ్యాక్ 'వై' అని ఉన్నది. టచ్‌స్క్రీన్ డ్రైవర్ ఉండీలేని ఒక ఫైల్ అడుగుతది, డైరెక్టుగ దొరకది, కెర్నల్ యూజర్‌స్పేస్‌కి కబురు పెడ్తది, అవతల వినేటోడు ఎవడూ లేడు, ఎందుకంటే మాది కొత్త సిస్టమ్‌డీ. 60 సెకన్లు ఎదురుచూసి ఇజ్జత్ తీసుకొని వాపస్. /సిస్/క్లాస్/ఫర్మ్‌వేర్/టైమౌట్ అనే ఫైల్ల ఆ 60 కండ్లకు కనిపిస్తనే ఉండె. ఫాల్‌బ్యాక్ ఆఫ్ చేసినం, అయిపోయింది. ఎవలకన్న బూట్‌ల కరెక్టుగ నిమిషం పోతుంటే ఫస్టు గిదే చూడుండ్రి.

---

యూఎస్‌బీ_రాజు:

సారీ మధ్యలో దూరుతున్నా, కొత్త త్రెడ్ పెట్టేంత పెద్ద డౌట్ కాదు. నేను ప్రాజెక్టు కోసం ఒక చిన్న యూఎస్‌బీ డివైస్‌కి డ్రైవర్ రాస్తున్నా. ప్రోబ్‌లో (డివైస్ కనిపించగానే నడిచే ఫంక్షన్) రిక్వెస్ట్_ఫర్మ్‌వేర్ పిలిస్తే 0 వస్తోంది, సైజు కూడా సరిగ్గానే ఉంది, కానీ ఎఫ్‌డబ్ల్యు->డేటా (వచ్చిన ఫర్మ్‌వేర్ బైట్లు) ని యూఎస్‌బీ_బల్క్_మెసేజ్‌కి ఇస్తే -11 వస్తోంది, పైన 'ట్రాన్స్‌ఫర్ బఫర్ నాట్ డీఎంఏ కేపబుల్' అని పెద్ద వార్నింగ్. ఫైల్ పాడైందా?

---

అర్ధరాత్రి_డీబగ్:

ఫైల్ బంగారంలా ఉంది రాజు గారూ, ఆ మెమరీనే డీఎంఏకి (డివైస్ నేరుగా మెమరీ చదవడానికి) పనికిరాదు. ఫర్మ్‌వేర్ ఎంత పెద్దదైనా ఉండొచ్చు కాబట్టి కెర్నల్ దాన్ని వీమాలాక్‌తో తెచ్చిన జాగాలో పెడుతుంది, అది పైకి వరసగా కనిపించినా ఫిజికల్ మెమరీలో ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడో ఉంటుంది. యూఎస్‌బీ కంట్రోలర్‌కి అలాంటిది ఇవ్వకూడదు. కేమాలాక్‌తో (ఇది నిజంగానే వరసగా ఉన్న మెమరీ ఇస్తుంది) ఒక చిన్న బఫర్, 4 కేబీ చాలు, తీసుకుని ఫర్మ్‌వేర్‌ని ముక్కలుగా అందులోకి కాపీ చేస్తూ పంపండి. స్టాక్ మీద అర్రే పెట్టి దాన్ని పంపడం కూడా అంతే తప్పు, ముందే చెప్తున్నా, తర్వాత అదే చేస్తారు అందరూ.

పంపడం అవ్వగానే రిలీజ్_ఫర్మ్‌వేర్ పిలవండి, లేకపోతే ఆ మెమరీ అలాగే ఉండిపోతుంది. ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచినప్పుడు డివైస్ కరెంటు పోయి ఫర్మ్‌వేర్ మర్చిపోయి ఉంటే మళ్ళీ పోయాలి, ఆ సమయానికి డిస్క్ ఇంకా లేవకపోవచ్చు, మళ్ళీ మన సగం_కంపైల్ కథే. దానికోసమే కెర్నల్ మీరు ఏ పేర్లు అడిగారో గుర్తుపెట్టుకుని, నిద్రపోయే ముందే ఆ ఫైళ్ళు మెమరీలోకి తెచ్చి ఉంచుతుంది, రెజ్యూమ్‌లో మీరు మామూలుగా అడిగితే చాలు. ప్రోబ్ ఎక్కువసేపు ఆగకూడదనుకుంటే రిక్వెస్ట్_ఫర్మ్‌వేర్_నోవెయిట్ ఉంది, కానీ ఆ కాల్‌బ్యాక్ వచ్చేలోపు ఎవడో డివైస్ పీకేస్తే ఏం జరగాలో రాసుకోవడం మీ బాధ్యత. మొదటి డ్రైవర్ అంటున్నారు కాబట్టి మామూలుదే వాడండి.

---

సగం_కంపైల్:

అప్‌డేట్. మొండిగా ఎక్స్‌ట్రా_ఫర్మ్‌వేర్ దారిలోనే వెళ్ళా (మాడ్యూల్ చేయమన్నారని తెలుసు అన్నా, కానీ ఇంత దూరం వచ్చాక తగ్గాలనిపించలేదు). ఫైల్ పేరు రాసి మేక్ కొడితే 'నో రూల్ టు మేక్ టార్గెట్' అని ఆగిపోయింది. ఈసారి మాత్రం సొంతంగా కనిపెట్టా, అది కూడా /లిబ్/ఫర్మ్‌వేర్ లో ఉత్త .యూకోడ్ కోసమే చూస్తోంది, అక్కడ ఉన్నది జెడ్‌ఎస్‌టి! ఎక్స్‌ట్రా_ఫర్మ్‌వేర్_డైరెక్టరీని విప్పిన ఫైల్ ఉన్న అప్‌డేట్స్ ఫోల్డర్‌కి మార్చా, కంపైల్ అయింది, బూట్ అవగానే వైఫై వచ్చింది.

ఒక్కటే మిగిలింది. 'ఫెయిల్డ్ టు లోడ్ రెగ్యులేటరీ.డీబీ' అని ఒక లైన్ వస్తోంది, దానికి కూడా -2 నే. ఇది ఏ కార్డు ఫర్మ్‌వేర్?

---

అర్ధరాత్రి_డీబగ్:

అది ఏ కార్డుదీ కాదు. ఏ దేశంలో ఏ వైఫై ఛానెల్ ఎంత పవర్‌తో వాడుకోవచ్చో రాసిన పట్టిక. ఇదివరకు సీఆర్‌డీఏ అని వేరే ప్రోగ్రామ్ చూసుకునేది, 4.15 నుంచి కెర్నల్ దీన్ని కూడా ఫర్మ్‌వేర్ ఫైల్ లాగే అడుగుతుంది. నువ్వు సీఎఫ్‌జీ80211 (కెర్నల్‌లోని వైఫై భాగం) ని కూడా 'వై' చేశావు కాబట్టి అది కూడా డిస్కు రాకముందే అడిగి బోర్లా పడింది. రెగ్యులేటరీ.డీబీ, దాని సంతకం రెగ్యులేటరీ.డీబీ.పీ7ఎస్, రెండూ అదే లిస్టులో చేర్చు, సంతకం లేకపోతే ఒప్పుకోదు. ఆ రెండూ కూడా నీ అప్‌డేట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవడం మర్చిపోకు, డైరెక్టరీ మార్చేశావుగా.

నీ ఇంటెల్ కార్డుకి నిజానికి దీంతో పెద్ద తేడా పడదు, అది ఏ దేశంలో ఉందో లెక్కలు తన ఫర్మ్‌వేర్‌లోనే చూసుకుంటుంది. వేరే కంపెనీల కార్డులున్నవాళ్ళకైతే ఈ ఫైల్ లేకపోతే ప్రపంచమంతటికీ పనికొచ్చే అతి జాగ్రత్త నియమాలతో నడుస్తుంది, 5 గిగాహెర్ట్జ్‌లో హాట్‌స్పాట్ పెడదామంటే చాలా ఛానెళ్ళు మొరాయిస్తాయి.

---

రీబూట్_రమణ:

సో 777 అవసరం రాలేదన్నమాట 😅 నేర్చుకున్నా. సగం_కంపైల్ బ్రో, నా దగ్గర కూడా సేమ్ ల్యాప్‌టాప్, సేమ్ కార్డు. ఆ కెర్నల్ ఇమేజ్ నాక్కూడా పంపవా, కంపైల్ చేసే ఓపిక లేదు.

---

పాత_మోడెమ్:

రమణా, ఆగు. ఆ ఇమేజ్‌లో జీపీఎల్ కెర్నల్, ఇంటెల్ వాళ్ళ సొంత లైసెన్సు బైనరీ రెండూ కలిసి ఉన్నాయి. ఇంట్లో వాడుకుంటే ఎవరూ ఏమనరు, కానీ అలా కలిపిన ఇమేజ్ ఇంకొకరికి ఇస్తే జీపీఎల్‌ని ఉల్లంఘించినట్టు అవ్వొచ్చని ఎక్స్‌ట్రా_ఫర్మ్‌వేర్ ఆప్షన్ మీద హెల్ప్ నొక్కితే అక్కడే రాసి ఉంటుంది. కావాలంటే .కాన్ఫిగ్ ఫైల్ తీసుకుని నువ్వే వండుకో.

---

సగం_కంపైల్:

రెగ్యులేటరీ లైన్ కూడా పోయింది. రమణ బ్రో, .కాన్ఫిగ్ రాత్రికి పెడతా, అందులో ఈసారి టెథరింగ్ డ్రైవర్ కూడా 'వై' చేశా.